చెవికి ఎన్ని మార్కులు?

2025 నవంబరు 13, గురువారం. మధ్యాహ్నం 1.05 నుంచి 1.40 దాకా దక్షిణ కొరియాలో విమానాల రాకపోకలు ఆగిపోయాయి. అత్యవసరమైనవి తప్ప ఏదీ లేవలేదు, ఏదీ దిగలేదు. ఆ 35 నిమిషాల కోసం 140 విమానాల వేళలు ముందే మార్చారు. అప్పటికే గాల్లో ఉన్నవాటిని 3 కిలోమీటర్ల ఎత్తు కంటే కిందికి రావద్దన్నారు. వాన లేదు, గాలి లేదు, యుద్ధభయం లేదు. కింద పిల్లలు ఇంగ్లిష్ వింటున్నారు, అంతే.

ఆ పరీక్ష పేరు సునుంగ్. 1993లో మొదలైంది. హైస్కూలు చివరి ఏడాది పిల్లలు యూనివర్సిటీకి వెళ్లే దారిలో ప్రధానమైన గడప ఇదే. 2025లో దరఖాస్తు చేసినవాళ్లు 5,54,174 మంది. ఇంగ్లిష్ పేపరుకు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి 17 ప్రశ్నలు విని రాయాలి, తక్కినవి 28 చదివి రాయాలి. మార్కుల్లో వినడానికి 37, చదవడానికి 63. వినిపించేది సుమారు 25 నిమిషాలు. 1 నుంచి 15 వరకు ప్రశ్నల సంభాషణలు ఒక్కసారే వస్తాయి. చివరి రెండు ప్రశ్నలకు కలిపి ఒకే పాఠం, దాన్ని మాత్రం రెండుసార్లు వినిపిస్తారు.

ఒక్కసారే అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సునుంగ్‌లో ఆరో ప్రశ్న ఏటా దాదాపు ఒకే రకంగా ఉంటుంది: సంభాషణ విని, కొన్న మనిషి ఎంత చెల్లించాలో చెప్పాలి. ఆ పద్ధతిలో నేనొకటి అల్లి చూపిస్తాను. ఒకమ్మాయి పూల దుకాణానికి వచ్చింది. గులాబీల గుత్తి 30 డాలర్లు. గ్రీటింగ్ కార్డు 5 డాలర్లు. ఒకటి చాలంటుంది. రెండు మాటల తర్వాత, అమ్మమ్మకూ ఇవ్వాలి, రెండు తీసుకుంటానంటుంది. దుకాణదారు కూపన్ ఉందా అని అడుగుతాడు. ఉంది, మొత్తం మీద 10 శాతం తగ్గుతుంది. జవాబు 36 డాలర్లు. లెక్కగా చూస్తే ఇది నాలుగో తరగతి పిల్లవాడు చేసేదే. కానీ కాగితం మీద ఆ అంకెలేవీ ఉండవు. ఉండేవి ఐదు జవాబులు. ఒకటే కార్డు అనుకుని ఆగిపోయినవాడి జవాబూ, కూపన్ మాట జారిపోయినవాడి జవాబూ అందులో సిద్ధంగా ఉంటాయి. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' మధ్య తేడా అంతా ఎక్కడ ఒత్తి పలికారన్న దాంట్లోనే ఉంది. ఆ క్షణంలో నెత్తిమీద ఒక విమానం వెళ్తే ఆ ఒత్తు వినపడదు. చదివే ప్రశ్నలో కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోగలదు. చెవికి ఆ వెసులుబాటు లేదు.

ఆకాశాన్ని ఆపింది అందుకే. కొరియాలో పాఠాన్ని తరగతి గది స్పీకరులోంచి వినిపిస్తారు. శబ్దం గోడలకు, కిటికీలకు, వీధికి లోబడి ఉంటుంది. గదిలో ఉన్నవాళ్లంతా ఒకే స్పీకరు వింటున్నప్పుడు వాళ్లందరికీ న్యాయం జరగాలంటే ఊరంతా నిశ్శబ్దంగా ఉండాలి. వినికిడి లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ 17 ప్రశ్నలనూ రాతలోనే ఇస్తారు. 37 మార్కులకు ఒక దేశం ఇంత జాగ్రత్త పడటం నాకు ఆడంబరంగా అనిపించదు. విని రాయమన్నాక, వినపడేలా చూడటం పరీక్ష పెట్టినవాళ్ల బాధ్యతే కదా.

వినడం అయ్యాక మిగిలేది 45 నిమిషాలు, 28 ప్రశ్నలు. సగటున ప్రశ్నకు 96 సెకన్లు. ఆ పాఠాలు పిల్లల కథలు కావు, తత్వశాస్త్రం, ఆర్థికం, మనస్తత్వం. 2025 పేపరులో కాంట్ న్యాయచింతన మీద ఒక ప్రశ్న వచ్చింది. అందుకే అక్కడి పిల్లలు ఒక కిటుకు నేర్చుకుంటారు. వినే ప్రశ్నల మధ్య వచ్చే కొద్ది సెకన్ల ఖాళీలో పేజీ తిప్పి, తేలికైన చదివే ప్రశ్నలు రెండు మూడు ముగించేస్తారు. ఒక చెవి సంభాషణ మీద, ఒక కన్ను గ్రాఫు మీద. దీన్ని తెలివి అనవచ్చు. నాకు మాత్రం అక్కడ పరీక్ష దారి తప్పినట్టు కనిపిస్తుంది. 37 మార్కుల భాగం వినికిడిని కొలవాలి. పక్క పేజీ ఒత్తిడి అందులో కలిసినప్పుడు ఆ 37లో ఎంత వినికిడి, ఎంత చేతివేగం అన్నది ఎవరూ విడదీయలేరు.

ఇక ఫలితం. 2017 నవంబరు నుంచి ఇంగ్లిష్‌కు పోటీ ర్యాంకు తీసేశారు. 90 మార్కులూ ఆపైనా వచ్చినవాళ్లంతా మొదటి గ్రేడే, ఎంతమందైనా సరే. పక్కవాడిని దాటాలన్న యావ తగ్గుతుంది, ట్యూషన్ల ఖర్చు తగ్గుతుంది అన్నది ఆశయం. మొదటి ఏడాది 10.03 శాతం మందికి ఆ గ్రేడు వచ్చింది. 2020 చివర్లో జరిగిన పరీక్షలో 12.66 శాతం. 2023 నవంబరులో 4.71. 2025 నవంబరులో 3.11. పాత పోటీ పద్ధతిలో మొదటి గ్రేడు ఎప్పుడూ 4 శాతానికి అటూ ఇటుగా ఉండేది. పోటీ తీసేశామన్న పరీక్ష, పోటీ ఉన్ననాటి కంటే ఇరుకైంది. ప్రశ్నపత్రం తయారుచేసే సంస్థ అధ్యక్షుడు ఆ డిసెంబరులో రాజీనామా చేశారు.

12.66 వచ్చిన ఏటి పిల్లలు, 3.11 వచ్చిన ఏటి పిల్లల కంటే నాలుగు రెట్లు ఇంగ్లిష్ తెలిసినవాళ్లా? ఐదేళ్లలో ఒక దేశపు పిల్లల చెవులూ కళ్లూ అంతగా మారవు. మారింది కొలత. మార్కు చూసినప్పుడల్లా అది పిల్లవాడి గురించి ఎంత చెబుతోందో, ఆ ఏటి పేపరు గురించి ఎంత చెబుతోందో విడిగా చూడాలి. తల్లిదండ్రులు మొదటి సగమే చూస్తారు. తప్పు వాళ్లది కాదు, రెండో సగం వాళ్లకు ఎవరూ చూపించరు.

సముద్రం దాటి జపాన్ వెళ్తే ఇదే సమస్యకు ఇంకో తీరు జవాబు కనిపిస్తుంది. వాళ్లు విమానాలను ఆపలేదు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక చిన్న యంత్రం పెట్టారు. అరచేతిలో ఇమిడే ప్లేయరు, లోపల మెమరీ కార్డు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్. పవర్ బటను, ధ్వని సరిచూసుకునే బటను, పాఠం మొదలుపెట్టే బటను, శబ్దం పెంచి తగ్గించే చక్రం. వెనక్కి తిప్పే బటను లేదు, మధ్యలో ఆపే బటను లేదు. ఈ వినే పరీక్ష సమయం 60 నిమిషాలైతే వినేది 30 నిమిషాలే. తక్కిన 30 నిమిషాలు యంత్రాలు పంచడానికి, శబ్దం సరిచూసుకోవడానికి పోతాయి. చెవి రంధ్రంలో ఇయర్‌ఫోన్ నిలవని పిల్లలు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే హెడ్‌ఫోన్ ఇస్తారు. ఇలాంటి నిబంధన కాగితం మీద ఉందంటే, ఎవరో కూర్చుని ఒక్కో పిల్లవాడి చెవిని తలుచుకుని రాసి ఉండాలి.

యంత్రంతో వినే ఈ పరీక్ష మొదలైంది 2006 జనవరిలో. ఆ తొలి ఏడాదే యంత్రాలు కొన్ని మొరాయించాయి. సుమారు 5 లక్షల మందిలో నాలుగు వందలకు పైగా పిల్లలకు అదే రోజు పరీక్ష మళ్లీ పెట్టారు. వెయ్యికి ఒక్కరు కూడా కారు. అయినా ఆ ఒక్కరికి అది మొత్తం జీవితమే, అందుకే ఆగిపోయిన చోటి నుంచి వినిపించడానికి ముందే ఏర్పాటు ఉంది.

అప్పట్లో రాత పేపరు 200 మార్కులు, వినడం 50. అంటే చెవికి 20 శాతం. అంతకుముందు సున్నా. 2021లో పరీక్ష పేరూ స్వరూపమూ మార్చినప్పుడు చదవడానికి 100, వినడానికి 100 పెట్టారు. పదిహేనేళ్లలో చెవి విలువ సున్నా నుంచి ఐదో వంతుకు, అక్కడి నుంచి సగానికి చేరింది. 2021కి ముందు అన్నీ రెండేసిసార్లు వినిపించేవారు, ఇప్పుడు ఆరు భాగాల్లో మొదటి రెండే రెండుసార్లు. ఉచ్చారణ, ఒత్తుల మీద రాతలో అడిగే ప్రశ్నలు తీసేశారు. వినికిడికి సగం మార్కులు ఇచ్చాక ధ్వనిని కాగితం మీద ఎందుకు అడగాలి? అయితే ఈ వాటాను ప్రతి యూనివర్సిటీ ఒప్పుకోలేదు. టోక్యో యూనివర్సిటీ తన లెక్కలో చదవడానికి 140, వినడానికి 60 చేసుకుంది.

సగటు మార్కులు చూడండి. 2021లో చదవడం 58.80, వినడం 56.16. 2023కి చదవడం 53.81, వినడం 62.35. 2024లో 51.54, 67.24. మూడేళ్లలో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుని 15 మార్కుల దూరం పోయాయి. పిల్లల చెవులు పదునెక్కి కళ్లు మందగించాయని రాసేయడం సులువు. ఆ మాట నేను రాయను. 2020 దాకా చదివే పేపరులో 4 వేల పైచిలుకు మాటలు ఉండేవి. 2021లో 5 వేలు దాటాయి, 2024లో 6 వేలు దాటాయి. సమయం మాత్రం అదే 80 నిమిషాలు. ఎక్కడా ఆగకుండా, ఒక్కసారే, ప్రశ్నలతో సహా చదివినా నిమిషానికి 75 మాటలు. ఆలోచించడానికి, వెనక్కి వెళ్లి చూసుకోవడానికి సమయం కావాలంటే దానికి రెట్టింపు వేగం ఉండాలి. 2025లో పేపరు బరువు కాస్త దించగానే చదవడం 57.69కి లేచింది, వినడం 61.31కి దిగింది.

మరి పిల్లలకు నిజంగా ఇంగ్లిష్ ఎంత వచ్చింది? దీనికి ప్రవేశ పరీక్ష పనికిరాదు, వేరే కొలత కావాలి. జపాన్ విద్యాశాఖ 2014లో ఆ పని చేసింది. 480 ప్రభుత్వ పాఠశాలల నుంచి హైస్కూలు చివరి ఏడాది పిల్లలు సుమారు 70 వేల మందిని, ర్యాంకుతో పని లేకుండా పరీక్షించింది. యూరప్‌లో వాడే ఆరు మెట్ల కొలబద్దను తీసుకుంది. అడుగుమెట్టు ఏ1, తన పేరూ ఊరూ చెప్పుకోగలిగే స్థాయి. రెండోది ఏ2, బజారు, ఇల్లు, బడి గురించి మాట్లాడుకోగలిగే స్థాయి. చివరి ఏడాది వాళ్లలో సగం మంది రెండో మెట్టు ఎక్కాలన్నది అప్పటి ప్రభుత్వ లక్ష్యం. వినడంలో 75.9 శాతం, చదవడంలో 72.7 శాతం అడుగుమెట్టు మీదే ఉన్నారు. ఆరేళ్లు బడిలో ఇంగ్లిష్ చదివాక.

2017లో సుమారు 60 వేల మందితో మళ్లీ చూశారు. రెండో మెట్టూ ఆపైనా ఉన్నవాళ్లు వినడంలో 24.1 నుంచి 33.6 శాతానికి, చదవడంలో 27.3 నుంచి 33.5కి పెరిగారు. అప్పటికీ లక్ష్యం దూరమే. రాయడం కూడా 13.5 నుంచి 19.7కి కదిలింది. మాట్లాడటం? 12.8 నుంచి 12.9. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. చదవడం, వినడం ప్రవేశ పరీక్షలో ఉన్నాయి. రాయడాన్ని చాలా యూనివర్సిటీలు తమ సొంత పరీక్షల్లో అడుగుతాయి. మాట్లాడటాన్ని దాదాపు ఎవరూ అడగలేదు. పరీక్ష అడిగినవి కదిలాయి, అడగనిది కదల్లేదు. కారణం ఇదొక్కటే అనలేను గానీ, పన్నెండో తరగతి పాఠం చెప్పిన ఏ మాస్టారిని అడిగినా ఇదే చెబుతారు: పేపరులో రానిదాన్ని పిల్లలు నేర్చుకోరు, మనమూ చెప్పం.

మాట్లాడటాన్నీ కలుపుదామని జపాన్ ప్రయత్నించింది. ప్రైవేటు సంస్థలు పెట్టే ఇంగ్లిష్ పరీక్షల మార్కులను ప్రవేశానికి తీసుకుంటామంది. ఫీజు పిల్లలదే, దూరం వెళ్లి రాయాల్సింది వాళ్లే. పట్నంలో డబ్బున్న పిల్లవాడు ముందే నాలుగైదుసార్లు రాసి చెయ్యి తిరిగినవాడవుతాడు. ద్వీపంలో ఉన్న అమ్మాయి పడవెక్కి, హోటలు గది తీసుకుని రాయాలి. 2019 అక్టోబరులో విద్యామంత్రి కోయిచి హగియుదా టీవీలో, ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్లు పోటీపడాలన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. జనం భగ్గుమన్నారు. నవంబరు 1న ఆ పథకాన్ని ఆపేశారు, 2021లో పూర్తిగా వదిలేశారు. తాహతు మాట నోరు జారి వచ్చింది కావచ్చు. ఆ పథకం లోపల ఉన్నది మాత్రం అదే. అరచేతి యంత్రం ఆ ద్వీపం అమ్మాయికీ టోక్యో పిల్లవాడికీ ఒకే శబ్దం ఇచ్చింది. ప్రైవేటు పరీక్ష ఆ సమానత్వాన్ని ఇవ్వలేకపోయేది.

ఇప్పుడు మన ఇంటర్ పేపరు తెరవండి. ఇచ్చిన మాటల్లో వేరుగా పలికేది ఏది, పలకని అక్షరం ఏది, ఒత్తు ఏ భాగం మీద పడుతుందో గుర్తు పెట్టండి. మన పిల్లలు ఏళ్ల తరబడి బట్టీ పట్టిన ప్రశ్నలివి. హాల్లో శబ్దం ఉండదు, కాగితమే. ఒత్తు గుర్తు సరిగ్గా పెట్టి మార్కు తెచ్చుకున్న అమ్మాయి ఆ మాటను ఎన్నడూ విని ఉండకపోవచ్చు. జపాన్ తీసేసిన ప్రశ్నలు సరిగ్గా ఇవే. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌లో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు ఇచ్చి, రాతకు 80 ఉంచింది. ఇది మంచి మార్పని మనస్ఫూర్తిగా అంటాను.

ఎందుకంటే ఈ పిల్లల్లో కొంతమంది నాలుగైదేళ్లకు విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తారు. అక్కడ వినడానికి 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు, అంతా ఒక్కసారే. చదవడానికి 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. రెండింటికీ సమాన విలువ. కోచింగ్ సెంటరులో మొదటిసారి ఆ రికార్డింగు విన్న పిల్లలు, చదివితే వచ్చేదే కదా, వింటే ఎందుకు అందట్లేదని దిగులుపడతారు. పన్నెండేళ్ల చదువులో కళ్లకే పని చెప్పి, చెవికి చెప్పలేదు. ఆ ఖర్చు ఇప్పుడు తండ్రి జేబులోంచి ఫీజుగా పోతుంది.

కాబట్టి ఆ 20 మార్కుల గురించి ప్రతి కాలేజీలో అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. రికార్డింగు ఎన్ని నిమిషాలు మోగింది? ఎన్నిసార్లు? గదిలో స్పీకరు ఎక్కడ పెట్టారు? ఫ్యాను తిరుగుతుండగా, బయట రోడ్డు మీద లారీ వెళ్తుండగా, చివరి బెంచీలో కూర్చున్న పిల్లకు 'ఫిఫ్టీన్' వినపడిందా, 'ఫిఫ్టీ' వినపడిందా?