గడియారం పక్కన గ్లోబు: ఆ గుర్తును ఎంతవరకు నమ్మాలి?

ఆ రోజు నెలలో 19వ తేదీ. రాత్రి ఏడు దాటాక విజయవాడ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, కంప్యూటర్లో నెట్ రావట్లేదు. కింద గడియారం పక్కన గ్లోబు బొమ్మ, దాని మూల మీద అడ్డగీత. రిపేరు షాపతను వచ్చి చూశాడు. ఫార్మాట్ కొట్టాల్సిందే, వేరే దారి లేదంటున్నాడు."

బాబాయిది మందుల షాపు. ఐదేళ్ల బిల్లుల లెక్కలన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. జీఎస్టీ రిటర్న్ వేయడానికి మర్నాడే ఆఖరి రోజు.

"నీ ఫోన్‌కి అదే వైఫై మీద నెట్ వస్తోందా?" అనడిగాను.

"వస్తోందక్కా. మొబైల్ డేటా ఆపేసే ఉంది. ఇప్పుడు మాట్లాడుతున్నది వాట్సాప్ కాలే కదా."

ఈ ఒక్క జవాబుతో సగం అనుమానాలు తీరిపోయాయి. వీధిలోంచి వచ్చే లైను బాగుంది, ఇంట్లో రౌటర్ బాగుంది. తప్పు కంప్యూటర్లో ఉండాలి, లేదా కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న తీగలో ఉండాలి. మిగతాది వెతకాలంటే ముందు ఆ గ్లోబు బొమ్మ ఏం చూసి అలా మారుతుందో తెలియాలి.

22 అక్షరాల పరీక్ష

టాస్క్‌బార్ మీది నెట్‌వర్క్ గుర్తును చాలామంది బల్బు లాంటిదనుకుంటారు. కరెంటు ఉంటే వెలుగుతుంది, పోతే ఆరిపోతుంది. అది నిజానికి థర్మామీటర్ లాంటిది. ఒక కొలత తీసి, దాన్నిబట్టి ఒక మాట చెబుతుంది. కొలత తప్పితే మాటా తప్పుతుంది.

విండోస్‌లో ఆ కొలత తీసే భాగం పేరు నెట్‌వర్క్ కనెక్టివిటీ స్టేటస్ ఇండికేటర్, పొట్టిగా ఎన్‌సీఎస్ఐ. విండోస్ విస్టా కాలం నుంచీ ఉంది. కంప్యూటర్ నెట్‌వర్క్‌కు తగిలిన ప్రతిసారీ ఇది మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని ఒక చిన్న టెక్స్ట్ ఫైలును అడుగుతుంది. విండోస్ 10 నుంచి ఆ ఫైలు ఎంఎస్ఎఫ్‌టీ కనెక్ట్‌టెస్ట్ డాట్ కామ్ అనే చిరునామాలో ఉంటోంది. ఫైలులో ఉండేది మూడే మాటలు: 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్'. ఇంగ్లిష్‌లో ఖాళీలతో కలిపి 22 అక్షరాలు. అవి ఉన్నవి ఉన్నట్టు తిరిగొస్తే నెట్ ఉన్నట్టు. రాకపోతే మరో పేరుకు 131.107.255.255 అనే అంకెల చిరునామా దొరుకుతోందా అని చూస్తుంది. అదీ కుదరకపోతే గ్లోబు వస్తుంది. పాత విండోస్‌లలో దాని బదులు పసుపు త్రికోణం వచ్చేది.

ఫోన్లదీ ఇదే పద్ధతి. ఆపిల్ ఫోన్ 'సక్సెస్' అనే మాట కోసం చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌ను ఖాళీ పేజీ అడుగుతుంది. ఖాళీగా వస్తేనే సంతోషం!

ఇలా మాటకు మాట సరిచూడటానికి కారణం ఉంది. రైల్వే స్టేషన్లో వైఫైకి తగిలినప్పుడు, ఏ పేజీ అడిగినా ముందు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీయే వస్తుంది. పేజీ వచ్చింది కాబట్టి నెట్ ఉన్నట్టే అనుకుంటే విండోస్ మోసపోతుంది. అడిగిన 22 అక్షరాలు కాక వేరేదేదో వచ్చిందంటే మధ్యలో ఎవరో అడ్డంగా నిలబడ్డారని అర్థం. అందుకే అలాంటిచోట బ్రౌజర్ దానంతట అదే తెరుచుకుని లాగిన్ పేజీ చూపిస్తుంది. ఈ పరీక్ష తాళం గుర్తు లేని పాత హెచ్‌టీటీపీ మీద నడవడానికీ కారణం ఇదే. తాళం ఉన్న పేజీని మధ్యవాళ్లు మార్చలేరు, మార్చబోతే భద్రతా హెచ్చరిక వస్తుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

తీగ, చిరునామా, పేరు

మళ్లీ విజయవాడకు వద్దాం. ఆ డెస్క్‌టాప్‌కు నెట్ ల్యాన్ తీగతో వస్తుంది. "వెనక తీగ గుచ్చినచోట చిన్న లైట్లు ఉంటాయి, వెలుగుతున్నాయా?" అంటే వెలుగుతున్నాయంది. తీగ బాగుందన్నమాట. వైఫై అయితే ఇక్కడ గీతల లెక్క చూస్తాం. కానీ నిండుగా ఉన్న గీతలు కూడా కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా ఉన్న రేడియో సిగ్నల్ సంగతే చెబుతాయి. రౌటర్ అవతల ఏం జరుగుతోందో వాటికి తెలియదు.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కించి, సీఎండీ అని కొట్టించి, నల్ల తెర తెరిపించాను. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొడితే కంప్యూటర్ చిరునామా కనబడుతుంది. 192.168.1.7 అని చదివింది. ఇది రౌటర్ ఇచ్చిన చిరునామా. ఇక్కడ 169.254తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే కథ వేరే. రౌటర్ నుంచి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక తాత్కాలిక చిరునామా పెట్టుకుందని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఆపి వేయడం, తీగ మార్చి చూడటం లాంటివి చేయాలి.

ఆ తర్వాత పింగ్ 8.8.8.8 అని కొట్టమన్నాను. పింగ్ వయసు నలభై ఏళ్లు దాటింది. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాశారు. జలాంతర్గామి సోనార్ శబ్దం పంపి ప్రతిధ్వని కోసం ఆగినట్టే ఇది చిన్న ప్యాకెట్ పంపి జవాబు కోసం ఆగుతుంది. పేరూ ఆ శబ్దం నుంచి వచ్చిందే. 8.8.8.8 గూగుల్ 2009లో తెరిచిన సర్వర్ చిరునామా. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి అందరూ దాన్నే వాడతారు.

నాలుగు జవాబులు వచ్చాయి, ఒక్కోటీ సుమారు 20 మిల్లీసెకన్లు. ఫిజిక్స్ చదివినవాళ్లకు ఈ అంకె చూస్తే ఊరుకోబుద్ధి కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోనూ రానూ కలిపి 20 మిల్లీసెకన్లంటే, జవాబిచ్చిన యంత్రం 2,000 కిలోమీటర్ల లోపే ఉండాలి. కాలిఫోర్నియా దాకా వెళ్లి రావాలంటే 100 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంటే 8.8.8.8 ఒక్కచోట లేదు. అదే చిరునామాతో ఎన్నో ఊళ్లలో సర్వర్లున్నాయి, మనకు దగ్గరున్నది పలికింది.

ఇంతకీ ఫార్మాట్ కొట్టాలన్న కంప్యూటర్ నుంచి ప్యాకెట్లు బయటి ప్రపంచానికి వెళ్లి వస్తున్నాయి! నెట్ ఉంది. మరి గ్లోబు ఎందుకుంది?

"ఇప్పుడు అంకెల బదులు గూగుల్ డాట్ కామ్ అని పేరు పెట్టి పింగ్ కొట్టు" అన్నాను. హోస్ట్ దొరకలేదని వచ్చింది. దొంగ దొరికాడు.

పేరు చెబితే అంకెల చిరునామా వెతికిపెట్టే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. అంతకుముందు నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైలులో రాసి ఉండేవి, అందరూ దాన్ని కాపీ చేసుకునేవారు. ఇప్పుడు మన తరఫున వెతికిపెట్టే సర్వర్ ఏదో రౌటరే కంప్యూటర్‌కు చెబుతుంది. కానీ చేత్తో రాసి పెట్టే వీలూ ఉంది. బాబాయి కంప్యూటర్లో ఎవరో ఎప్పుడో అలా రాసి పెట్టారు, అది పాత ఇంటర్నెట్ కంపెనీ సర్వర్. నాలుగు రోజుల కింద కంపెనీ మార్చారు. పాతవాళ్ల సర్వర్ వీళ్లకు పలకడం మానేసింది. 22 అక్షరాల ఫైలు ఎక్కడుందో కూడా పేరునుబట్టే వెతకాలి కదా, అందుకే పరీక్ష తప్పింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, డీఎన్ఎస్ దగ్గర మాన్యువల్ తీసేసి ఆటోమేటిక్ పెడితే పది సెకన్లలో గ్లోబు పోయింది. లెక్కల ఫైళ్ల జోలికి ఎవరూ వెళ్లనవసరం రాలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లలో, కొన్ని సర్వర్లలో పింగ్‌ను కావాలనే అడ్డుకుంటారు. జవాబు వస్తే దారి ఉందని ఖాయంగా చెప్పొచ్చు, రాకపోతే మాత్రం దారి లేదని చెప్పలేం.

గుర్తు అబద్ధమాడినప్పుడు

పై కథలో గుర్తు తప్పేమీ చెప్పలేదు, మనమే తప్పుగా అర్థం చేసుకున్నాం. గుర్తే తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2020 ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ తర్వాత, ప్రాక్సీ, ముఖ్యంగా వీపీఎన్‌తో కలిపి వాడే కంప్యూటర్లు కొన్నింటిలో నెట్ లేదనో, అరకొరగా ఉందనో చూపడం మొదలైంది. వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి. మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు సరిగ్గా అప్పుడే వీపీఎన్ ప్రాణాధారమైంది. మైక్రోసాఫ్ట్ మార్చి 30న మామూలు షెడ్యూలు పక్కనపెట్టి దిద్దుబాటు విడుదల చేసింది.

బొమ్మ తప్పు చూపిస్తే చూపించనీ అనుకోవడానికి లేదు. ఎన్నో ప్రోగ్రాములు నెట్ ఉందో లేదో స్వయంగా చూడవు, విండోస్‌నే అడుగుతాయి. విండోస్ లేదంటే అవి ప్రయత్నం కూడా చేయవు. బ్రౌజర్లో అన్నీ తెరుచుకుంటూనే మెయిల్ ప్రోగ్రాము మాత్రం 'ఆఫ్‌లైన్' అని మొరాయిస్తే ఈ అనుమానం రావాలి.

దీనికి తిరగేసిన రోగం మన ఇళ్లలో ఇంకా ఎక్కువ. గుర్తు నిక్షేపంగా ఉంటుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. ప్రతిదానికీ 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంది. అప్పుడు చూడాల్సింది గుర్తును కాదు, దాని పక్కనున్న గడియారాన్ని. తేదీ ఏ 2015లోనో ఉందనుకోండి. సైట్లకు భద్రతా సర్టిఫికెట్లుంటాయి, వాటికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, కాబట్టి ఒప్పుకోదు. మరి గుర్తు ఎలా బాగుంది? ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇదే. 22 అక్షరాల పరీక్షకు తాళమూ లేదు, సర్టిఫికెట్టూ లేదు, తేదీతో పనీ లేదు.

తేదీ వెనక్కు పోవడానికి కారణం మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికాన్ని అది నడిపిస్తుంది. ఆ కంపనాలే గడియారం. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేసి ఉన్నా, గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది, బ్యాటరీ ఖర్చు కాదు. మనం రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ కట్టేసే జనం. అందుకే మన డెస్క్‌టాప్‌లలో అది త్వరగా అయిపోతుంది. స్విచ్ కట్టడం మానమని చెప్పను. పిడుగుల కాలంలో అదే మంచిది. బ్యాటరీ ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా కొద్ది రూపాయలకే దొరుకుతుంది.

గుర్తే మాయమైతే

కొన్నిసార్లు గ్లోబూ ఉండదు, వైఫై గుర్తూ ఉండదు, స్పీకర్ బొమ్మా కనిపించదు. నెట్ మాత్రం వస్తూంటుంది. ముందు గడియారం పక్కనున్న పైబాణం నొక్కి చూడండి, చాలా బొమ్మలు దాని వెనకే దాక్కుంటాయి. అక్కడా లేకపోతే తప్పు నెట్‌వర్క్‌లో కాదు, బొమ్మలు గీసే చేతిలో ఉంది.

టాస్క్‌బార్ వచ్చింది విండోస్ 95తో, 1995 ఆగస్టు 24న. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, ఆగస్టు 15న. ఆ టాస్క్‌బార్‌నూ, డెస్క్‌టాప్‌నూ, ఫోల్డర్లు చూపే కిటికీలనూ గీసేది విండోస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ప్రోగ్రాము. అది తడబడితే బొమ్మలు పోతాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను వెతికి రీస్టార్ట్ నొక్కండి. తెర ఒక్క క్షణం ఖాళీ అయి తిరిగొస్తుంది. తెరిచి ఉన్న ఫోల్డర్లు మూతపడతాయి, రాసుకుంటున్న ఉత్తరం మాత్రం అలాగే ఉంటుంది.

అప్పుడు జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. కొత్తగా పుట్టిన ఎక్స్‌ప్లోరర్ 'టాస్క్‌బార్ తయారైంది' అని నడుస్తున్న ప్రోగ్రాములన్నింటికీ దండోరా వేస్తుంది. విన్న ప్రోగ్రాములు తమ బొమ్మల్ని మళ్లీ తెచ్చి నిలబెట్టుకుంటాయి. ఆ దండోరాను పట్టించుకోకుండా రాసిన ప్రోగ్రాముల బొమ్మలు తిరిగి రావు, వాటిని మూసి తెరవాలి. అందుకే ఒక్కోసారి అన్నీ వచ్చి ఒకటి రాదు.

ఇవేవీ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది నెట్‌వర్క్ అమరికలన్నీ చెరిపి మొదటి స్థితికి తెస్తుంది, ఫైళ్లను ముట్టదు. వైఫై పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకుని చేయండి. వీపీఎన్ ఉంటే మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. ఫార్మాట్ మాట ఆ తర్వాతే, అదీ కావలసిన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాకే.

బాబాయి ఆ మర్నాడే రిటర్న్ వేశాడు, లెక్కలకు ఒక పెన్‌డ్రైవ్ కూడా కొన్నాడు. మొన్న మళ్లీ చెల్లెలి నుంచి మెసేజ్ వచ్చింది: "అక్కా, గ్లోబు వచ్చింది. ఫోన్‌కీ వైఫై మీద రావట్లేదు. రౌటర్ మీద ఎర్ర లైటు. కంపెనీకి ఫోన్ చేశాను, వీధిలో కేబుల్ తెగిందట."