గృహభాండారము మేల్కొను విధము



పూర్వము మన యిండ్లలో దస్తావేజులకు భోషాణపు పెట్టె యుండెడిది. ఇప్పుడు పాసుపుస్తకముల నకళ్లు, పెండ్లి ఫొటోలు, దూరదేశములందున్న మనుమల వీడియోలు ఫోనులలో చెల్లాచెదరుగా నున్నవి. ఫోను నీళ్లలో పడినచో వానితోపాటు అవియు పోవును. వాని నన్నింటిని ఒకచోట చేర్చి, ఇంటిలోని ఏ ఫోనునుండియైనను చూచుకొనుటకు వీలుగా నుంచు చిన్న కంప్యూటరు కలదు. దానిని సర్వరు అందురు. మనము గృహభాండారమని పిలుచుకొందము. పట్నమునుండి వచ్చిన అబ్బాయి దాని నమర్చి వెళ్లును. కరెంటు పోయి వచ్చిన తరువాత అది లేవకున్నచో దానియెదుట నిలుచువారము మనమే. కావున అది యెట్లు మేల్కొనునో కొంత తెలిసియుండుట మంచిది.

ఉదాహరణమునకు రాస్ప్‌బెర్రీ పై 4 అను యంత్రమును తీసికొందము. ఇది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వారిది, 2019లో వెలువడినది, అరచేతిలో ఇముడును. దానిపై ఓపెన్ మీడియా వాల్ట్ అను ఉచితమైన వ్యవస్థ నెక్కించినచో భాండారము సిద్ధమగును. సాధారణముగా ఆ వ్యవస్థ గోరంత మెమరీ కార్డులో నుండును. కాని భాండారమున్న యింట రేయింబవళ్లు ఆ కార్డుపై ఏదో యొకటి వ్రాయబడుచునే యుండును. వ్రాయగా వ్రాయగా కార్డు అరిగిపోవును. అందువలన వ్యవస్థను యు.ఎస్.బి. తీగతో తగిలించు డిస్కులోనికి మార్చుదురు. ఈ యంత్రము మొదట అట్లు మేల్కొనజాలకుండెను. 2020లో దాని లోపలి చిప్పునందలి కార్యక్రమమును మార్చిన పిమ్మట ఆ శక్తి వచ్చినది.

యంత్రము మేల్కొనుటను బూట్ అందురు. బూటు వెనుకనుండు తోలుపట్టీని పట్టుకొని తన్ను తానే పైకి లేపుకొనుట యను వింత భావమునుండి ఆ మాట పుట్టినది. నిజమునకును అట్లే జరుగును. కరెంటు రాగానే చిప్పులోని చిన్న కార్యక్రమము లేచి, 'నా వ్యవస్థ యెక్కడ?' అని వెదకును. ఎక్కడెక్కడ వెదకవలెనో తెలుపుటకు ఎఫ్ 4 1 అను సంకేతము వ్రాయబడియుండును. ఉర్దూ చదివిన పెద్దలకు ఇది సులభము, ఏలయనగా దీనిని కుడినుండి యెడమకు చదువవలెను. ఒకటి యనగా కార్డు, నాలుగనగా యు.ఎస్.బి. డిస్కు, ఎఫ్ అనగా దొరకకున్నచో మరల మొదటినుండి వెదకుమని.

డిస్కు దొరకగానే దానిలోని కెర్నెల్ అను ముఖ్యభాగము జ్ఞాపకములోనికి వచ్చి అధికారము చేపట్టును. చేపట్టి, తాను వచ్చిన ఆ డిస్కునే మరల తానుగా వెదకును! అనగా ఒకే డిస్కును ఇరువురు, ఒకరి తరువాత నొకరు, కనుగొనవలెను. డిస్కు నేరుగా యంత్రమునకు తగిలియున్నచో ఆలస్యము స్వల్పము. నడుమ హబ్బున్నచో కెర్నెల్ మొదట హబ్బును గుర్తించి, పిమ్మట దాని రంధ్రముల నొక్కొక్కటిగా పరీక్షింపవలెను. అందులకు కొన్ని క్షణములు పట్టును. డిస్కు వచ్చువరకు వేచియుండుమను ఆజ్ఞ, రూట్‌వెయిట్ అను ఒక్క మాట, ఆరంభపు ఫైలులో నుండును. దానిని తీసివేయరాదు.

అసలు చిక్కు బుద్ధిలో లేదు, బలములో నున్నది. ఈ యంత్రమునకు నాలుగు యు.ఎస్.బి. రంధ్రములు కలవు, నాలుగింటికి కలిపి అది యీయగలిగిన కరెంటు 1.2 ఆంపియరులే. లోపల పళ్లెము తిరుగు చిన్న డిస్కు తిరుగుట మొదలిడునపుడే సుమారు ఒక ఆంపియరు లాగును. రెండు డిస్కులు ఒకేసారి లేచినచో రెంటికిని చాలదు. ఒకటి మూలిగి పడిపోవును. అడాప్టరు లేని హబ్బును తగిలించుట ఒక్క కుళాయికి నాలుగు గొట్టములు కట్టుటవంటిది: గొట్టములు పెరిగినవి, నీరు పెరుగలేదు. కావున గోడనుండి స్వంతముగా కరెంటు తీసికొను హబ్బునే కొనవలెను. వ్యవస్థ యున్న డిస్కు తిరుగు పళ్లెములేని ఎస్.ఎస్.డి. యైనచో మరియు మేలు. నా మట్టుకు నేను దానిని హబ్బునకు తగిలింపక, యంత్రముయొక్క నీలిరంగు రంధ్రమునకే తగిలించి, తక్కిన డిస్కులను హబ్బునకు విడిచిపెట్టుమందును. హబ్బులో ఏదో యొక పరికరము చెడి హబ్బంతయు ఒక్కసారి ఆగి లేచినను, అప్పుడు వ్యవస్థకు భంగము కలుగదు.

పల్లెలయందు మరియొక ప్రమాదము కలదు. యంత్రమును ఇన్వర్టరుకు కలిపి, హబ్బు అడాప్టరును మాత్రము గోడ ప్లగ్గుకు విడిచివేయుదురు. కరెంటు పోగానే యంత్రము మేలుకొనియే యుండును గాని దాని వ్యవస్థ హబ్బుమీది డిస్కులో నున్నచో ఆ వ్యవస్థయే మాయమగును. వ్రాయుచున్న ఫైలు సగములో తెగును. ఆ సగమే డిస్కు పట్టికను పాడుచేయవచ్చును. రెండు వైర్లును ఒకే ఇన్వర్టరుకు పోవలెను. ఇందులకు వేరు ఖర్చు లేదు.

పేర్లనుగురించి యొక మాట. కెర్నెల్ డిస్కులకు వచ్చిన వరుసనుబట్టి ఎస్.డి.ఏ., ఎస్.డి.బి. అని పేర్లు పెట్టును. బంతిలో మొదట వచ్చినవానికి మొదటి విస్తరి యన్నట్లు! ఈనాడు ముందు లేచిన డిస్కు రేపు ఆలస్యముగా లేవవచ్చును. అప్పుడు పేర్లు తారుమారగును. అందుచేత ప్రతి డిస్కునకును మారని గుర్తు, యు.యు.ఐ.డి. యనునది, ఇంటిపేరువలె నుండును. అమర్చువారు ఆ గుర్తునే వ్రాయవలెనని చెప్పుడు.

వ్యవస్థ యున్న డిస్కు చెడినంతమాత్రమున ఫొటోలు పోవు. అవి వేరు డిస్కులో నుండును. క్రొత్త డిస్కులో వ్యవస్థను మరల నెక్కించి, పాతవానిని తగిలించిన చాలును. కాని ఫొటోల డిస్కే చెడినచో ఏ హబ్బును రక్షింపజాలదు. అందులకు రెండవ నకలు మరియొక యింట నుండవలెను.

యంత్రము వచ్చినవెంటనే పాసుపుస్తకముల నందులో చేర్పకుడు. ఖాళీ డిస్కులతో వారము దినములు నడిపి, ఇన్వర్టరును కూడ ఆపి, నాలుగైదు సారులు కరెంటు తీసి యిచ్చి చూడుడు. ప్రతిసారియు ఎవరును తాకకుండ తానై లేచినచో, అప్పుడు పెట్టె తెరువవచ్చును.