వజ్ర పరీక్ష

ముంగారు వానలకు నేల తడిసిన నాటి నుండి కర్నూలు జిల్లా పడమటి భాగాన ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. పత్తికొండకు చేరువలోని తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర పరిసరాల చేలలో స్త్రీలు, పురుషులు, వృద్ధులు తలలు వంచుకొని మెల్లగా నడుస్తూ ఉంటారు. పోగొట్టుకొన్నదేదో వెతుకుతున్నారని కొత్తవారు భ్రమపడతారు. వారు వెతికేది వజ్రాన్ని. వాననీరు పైమట్టిని కడిగివేయగా బయటపడిన గులకరాళ్లలో ఏదో ఒకటి వజ్రం కాకపోతుందా అన్నది వారి ఆశ. జొన్నగిరియే మౌర్యుల నాటి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు భావించారు. ఆ సమీపంలోని ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రాతిని చదవడం ఈ సీమకు కొత్త కాదు.

1720ల ప్రాంతంలో బ్రెజిల్ దేశంలో వజ్రాలు బయటపడే వరకు ప్రపంచానికి వజ్రాలను అందించిన ప్రధాన దేశం మనదే. వజ్రాలు భూగర్భంలో సుమారు నూట యాభై కిలోమీటర్లకు పైబడిన లోతున, అత్యధిక పీడనం వద్ద రూపొందుతాయి. వాటిని పైకి మోసుకొని వచ్చే అగ్నిశిలను కింబర్లైట్ అంటారు. పొరుగున ఉన్న అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఇటువంటి శిలా నాళాలు ఉన్నాయి.

దొరకడం ఒక ఎత్తు, దొరికినది ఏమిటో తెలియడం మరొక ఎత్తు. సానపట్టని వజ్రం పటికబెల్లం ముక్కలా మసకగా ఉంటుంది. రోజంతా నడిచిన కూలి మనిషి ఒక రాయిని తెచ్చి వర్తకుని చేతిలో పెడితే, అది వజ్రమో కాదో, దాని విలువ ఎంతో ఆయనే చెప్పాలి. తన చేతిలోని వస్తువు ఏమిటో తెలియని వానికి బేరమాడే బలం ఎక్కడిది? అయితే ఈ సందేహాన్ని చాలా వరకు తీర్చగల సాధనాలు జూనియర్ కళాశాల ప్రయోగశాలలోనే ఉన్నాయి.

మొదట చేయకూడని పరీక్షను తెలుసుకోవాలి. సమ్మెటతో కొట్టినా పగలనిదే వజ్రమని ఒక నమ్మకం ఉంది. ఇది కాఠిన్యాన్ని, దృఢత్వాన్ని ఒకటిగా భావించడం వల్ల కలిగిన పొరపాటు. 1812లో ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన కాఠిన్యపు కొలమానంలో వజ్రానిది పదవ స్థానం. అంటే మరే ఇతర ఖనిజమూ దానిపై గీత పెట్టలేదని అర్థం. దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్ర స్ఫటికంలో కొన్ని తలాల వెంబడి చీలిక సులభం కాబట్టి, సరైన దిశలో పడిన ఒక్క దెబ్బకే అది రెండుగా విడిపోతుంది. ఈ మూఢ పరీక్షకు ఎన్ని నిజమైన వజ్రాలు నుగ్గయ్యాయో!

సాంద్రతను కొలవడం ఇంతకంటె తెలివైన పని. వజ్రపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.52 గ్రాములు. పలుగురాయిది, అంటే క్వార్ట్జ్‌ది 2.65. రాయిని గాలిలోను, నీటిలోను తూచి, గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం విద్యార్థులకు చిన్ననాటి నుండి కంఠస్థమే. అయినా ఈ ప్రయోగం అనుకున్నంత సులువు కాదు. ఒక క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. ఒక క్యారట్ వజ్రం నీటిలో కోల్పోయే బరువు సుమారు 57 మిల్లీగ్రాములు మాత్రమే. మన త్రాసు కనీసపు కొలత 10 మిల్లీగ్రాములైతే, ఈ 57 అన్నది 47 కావచ్చు, 67 కావచ్చు. అప్పుడు సాంద్రత 4.26 నుండి 2.99 వరకు ఎంతైనా రావచ్చు. ఈ హద్దుల మధ్య వజ్రమే కాక నీలం జాతి రాయి (4.0) కూడా ఇముడుతుంది. అదే పలుగురాయి అయితే సుమారు 75 మిల్లీగ్రాములు కోల్పోతుంది కాబట్టి ఈ హద్దుల వెలుపలే ఉంటుంది. కనుక ఆ త్రాసు “ఇది పలుగురాయి కాదు” అని చెప్పగలదు గాని “ఇది వజ్రం” అని చెప్పలేదు. ప్రయోగ ఫలితంతో పాటు దోషాన్ని కూడా రాయమని అధ్యాపకులు పట్టుబట్టేది ఇందుకే.

మరొక చిక్కు ఉన్నది. నీటిలో ముంచిన రాయికి చిన్న గాలి బుడగ అంటుకొందనుకోండి. బుడగ రాయిని పైకి లేపుతుంది. నష్టం ఎక్కువగా కనిపించి, సాంద్రత తక్కువగా వస్తుంది. రెండు మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక్క బుడగ నాలుగు మిల్లీగ్రాములకు పైగా తేడా తెస్తుంది. ఒక క్యారట్ వజ్రం సాంద్రత అప్పుడు 3.52కు బదులు 3.28గా తేలుతుంది. పైగా వజ్రానికి నీటితో పొత్తు లేదు. నీరు దాని ఉపరితలాన్ని సులభంగా తడపదు, జిడ్డు మాత్రం చక్కగా అంటుతుంది. దక్షిణాఫ్రికా గనులలో కంకరను నీటితో జిడ్డు పూసిన బల్లలపై పారించి వజ్రాలను వేరు చేసింది ఈ గుణాన్ని ఆసరా చేసుకొనే. అసలు వజ్రమే బుడగను పట్టుకొనే అవకాశం ఎక్కువన్నమాట! నీటిలో ఒక చుక్క సబ్బు ద్రావణం కలిపి, రాయిని కుంచెతో తుడిచి తూచడం మేలు.

సాంద్రత ఒక్కటే సరిపోదనడానికి టోపాజ్ అనే రాయి మంచి ఉదాహరణ. దాని సాంద్రత కూడా దాదాపు 3.5. ఇక్కడ కాంతి సాయం చేస్తుంది. వజ్రపు వక్రీభవన గుణకం 2.42, సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలు. గాజుకు ఆ కోణం సుమారు 42 డిగ్రీలు. సానపట్టిన వజ్రంలో ప్రవేశించిన కాంతి పదే పదే సంపూర్ణాంతర పరావర్తనం చెంది వెలుపలికి రావడం వల్లనే ఆ మెరుపు. సానపట్టని రాయికి మెరుపు లేకున్నా వక్రీభవన గుణకం మారదు. గాజు పాత్రలో గ్లిజరిన్ పోసి రాయిని అందులో వేయండి. గ్లిజరిన్ గుణకం 1.47. గాజు ముక్క, పలుగురాయి అందులో అంచులు చెరిగిపోయి దాదాపు మాయమవుతాయి. టోపాజ్ మసకబారుతుంది. వజ్రం అంచులు మాత్రం స్పష్టంగా నిలుస్తాయి.

రసాయన శాస్త్రం ఇచ్చే రుజువు తిరుగులేనిదే గాని, రాయిని మిగల్చదు. 1772లో లవోయిజర్ వజ్రాన్ని మండించి చూశాడు. 1797లో స్మిత్సన్ టెనంట్ వజ్రాన్ని, బొగ్గును సమాన భారాలలో దహిస్తే సమానంగానే కార్బన్ డయాక్సైడ్ వస్తుందని నిరూపించాడు. సున్నపుతేట తెల్లబడితే రాయి కార్బన్ అని తేలుతుంది. కూలి మనిషి ఆశ మాత్రం ఆవిరవుతుంది.

వర్తకులు వాడే చేతి పరికరం ఎలక్ట్రానిక్స్‌కు చెందినది. దాని రాగి మొనను కొద్దిగా వేడిచేసి రాయికి తాకిస్తారు. మొన ఎంత వేగంగా చల్లబడిందో థర్మిస్టర్ నిరోధంలోని మార్పు తెలుపుతుంది. వజ్రపు ఉష్ణ వాహకత రాగికి నాలుగైదు రెట్లు ఉండగలదు. మౌఖిక పరీక్షలో అడగదగిన ప్రశ్న ఇది: విద్యుద్బంధకమైన వజ్రం ఉష్ణానికి ఉత్తమ వాహకం ఎలా అయింది? లోహాలలో ఉష్ణాన్ని ప్రధానంగా మోసేవి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. వజ్రంలో అవి లేవు. తేలికైన కార్బన్ పరమాణువులు బలమైన సంయోజనీయ బంధాలతో కూర్చుకొని ఉండటం వల్ల, ఒక చోటి కంపనం స్ఫటికమంతటా అతివేగంగా వ్యాపిస్తుంది. సిలికాన్‌కూ ఇదే స్ఫటిక నిర్మాణం. అయితే దాని శక్తి అంతరం 1.1 ఎలక్ట్రాన్ ఓల్టులు కాగా వజ్రానిది 5.5. అందుచేతనే ఒకటి అర్ధవాహకం, మరొకటి బంధకం.

ఈ పరికరాన్నీ మోసగించగలిగినది మోయిసనైట్, అంటే సిలికాన్ కార్బైడ్. అది కూడా ఉష్ణాన్ని బాగానే ప్రసరింపజేస్తుంది. అయితే సాధారణంగా స్వల్పంగా విద్యుత్తును కూడా ప్రసరింపజేస్తుంది కాబట్టి రెండవ పరీక్షలో పట్టుబడుతుంది. బోరాన్ కలిసిన అరుదైన నీలి వజ్రాలు కూడా విద్యుద్వాహకాలే కనుక ఆ పరీక్షలో వాటిని అనుమానించే ప్రమాదం ఉంది.

ఏ రాయికీ నష్టం కలిగించని పరీక్ష మన దేశంలోనే పుట్టింది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ఫలితం ప్రకారం, ఏకవర్ణ కాంతిని వజ్రంపై ప్రసరింపజేస్తే, పరిక్షేపణం చెందిన కాంతిలో సెంటీమీటరుకు 1332 తరంగ సంఖ్య మార్పుతో ఒక స్పష్టమైన రేఖ కనిపిస్తుంది. గాజులో గాని పలుగురాయిలో గాని అక్కడ అటువంటి రేఖ రాదు. నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించి, రామన్ వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతం 1930 నాటికే వజ్రంపై ఈ ఫలితాన్ని అధ్యయనం చేశారు.