కుమ్మక్కుకు కళ్లెం

కంపెనీలు చేతులు కలిపితే నష్టపోయేది కొనేవాళ్లే. ఆ చేతుల్ని విడదీసేందుకు మన దేశంలో ఒక కమిషన్ ఉంది. అది ఏం సాధించింది? ఎక్కడ ఆగిపోతోంది?

రేషన్ బియ్యం మన ఇంటికి చేరేలోపు నెలల తరబడి గోదాముల్లో నిల్వ ఉంటుంది. పురుగు పట్టకుండా బస్తాల నిట్టును మందపాటి పట్టాతో కప్పి, లోపల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. తేమ తగలగానే ఆ బిళ్లల నుంచి విషవాయువు వెలువడి పురుగును చంపుతుంది. భారత ఆహార సంస్థ ఈ బిళ్లల్ని టెండర్లు పిలిచి కొంటుంది. 2009లో పిలిచిన ఒక టెండరులో మూడు కంపెనీలు బరిలో నిలిచాయి. విప్పి చూస్తే మూడూ వేసింది ఒకటే ధర: కిలో 388 రూపాయలు.

ఫ్యాక్టరీలు వేరు, యాజమాన్యాలు వేరు, తయారీ ఖర్చులు వేరు. అయినా రేటులో పైసా తేడా లేదు. ఆహార సంస్థ 2011లో ఫిర్యాదు చేసింది. కూడబలుక్కునే ధర వేశారని 2012 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. 2017 మే 8న సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఆ బిళ్లలకు ఎక్కువ చెల్లించిన ప్రతి రూపాయీ జనం కట్టిన పన్నే. గోదాము గడప తొక్కని మనిషి కూడా ఆ కుమ్మక్కుకు మూల్యం చెల్లించాడు.

పెద్దగా ఉండటం నేరం కాదు

కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియానూ సీసీఐ అనే అంటారు కానీ, ఇది పత్తి కొనే సీసీఐ కాదు. మార్కెట్లో పోటీని కాపాడటం దీని పని. అంతకు ముందు మనకు 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక (ఎంఆర్‌టీపీ) చట్టం ఉండేది. కంపెనీ మితిమీరి పెరగడమే ప్రమాదమని ఆ చట్టం భావించేది. 1991 సంస్కరణల తర్వాత ఆ ఆలోచన చెల్లలేదు. రాఘవన్ కమిటీ సిఫార్సులతో 2002లో కొత్త పోటీ చట్టం వచ్చింది. కుమ్మక్కు, ఆధిపత్య దుర్వినియోగాలకు సంబంధించిన సెక్షన్లు 2009 మే 20 నుంచి అమల్లోకి వచ్చాయి.

కొత్త చట్టం దృష్టిలో పెద్ద కంపెనీగా ఎదగడం తప్పు కాదు. ఆ బలంతో ఎదుటివాణ్ని మార్కెట్లోకి రానివ్వకపోవడం, కొనేవాడి మెడలు వంచడం తప్పు. కమిషన్ ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. పోటీదారులు కూడబలుక్కుంటే పట్టుకుంటుంది. ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేస్తే అడ్డుకుంటుంది. పెద్ద కంపెనీల విలీనాలను ముందుగానే పరిశీలిస్తుంది. సన్ ఫార్మా, రాన్‌బాక్సీని కలుపుకోబోయినప్పుడు 2014 డిసెంబరులో కమిషన్ ఒక షరతు పెట్టింది. ఏడు మందుల ఉత్పత్తుల్ని బయటివాళ్లకు అమ్మేయాలన్నది. ఆ మందుల్లో రెండు కంపెనీల మధ్య ఉన్న పోటీ విలీనంతో మాయమైపోతే రేట్లకు అడ్డూ అదుపూ ఉండదని దాని ఆందోళన. మందుల దుకాణంలో చీటీ ఇచ్చి డబ్బు కట్టేవాళ్లకు ఇలాంటి ఉత్తర్వు గురించి తెలియకపోవచ్చు. దాని మేలు మాత్రం వాళ్లదే.

బ్యాటరీ కథ

కుమ్మక్కుకు సాక్ష్యం దొరకడం కష్టం. నాలుగు గోడల మధ్య అనుకున్న మాటకు రశీదు ఉండదు. అందుకే ముందుగా వచ్చి నిజం చెప్పిన కంపెనీకి జరిమానాలో నూరు శాతం దాకా మినహాయింపు ఇచ్చే వీలు చట్టంలో ఉంది. దొంగల్లో ఒకణ్ని వదిలేయడం న్యాయమా అని అడగవచ్చు. కానీ పక్కవాడు ముందే వెళ్లి చెప్పేస్తాడేమో అన్న భయం ఏ రహస్య ఒప్పందాన్నీ నిలవనివ్వదు.

టార్చిలైటు, గోడ గడియారం, రిమోట్‌లలో వేసే బ్యాటరీల విషయంలో జరిగింది ఇదే. పానాసోనిక్ తనంతట తానే వచ్చి కమిషన్‌కు గుట్టు విప్పింది. 2016 ఆగస్టులో కమిషన్ దర్యాప్తు విభాగం కంపెనీల కార్యాలయాల్లో ఏకకాలంలో సోదాలు చేసింది. ఆ తర్వాత ఎవరెడీ, నిప్పో కూడా మినహాయింపు కోరుతూ వచ్చాయి. ధరల పెంపును కంపెనీలు కలిసి నడిపించాయని తేలింది. 2018 ఏప్రిల్ 19 నాటి ఉత్తర్వులో ఎవరెడీకి 171.55 కోట్లు, నిప్పోకు 42.26 కోట్ల జరిమానా పడింది. మొదట నోరు విప్పిన పానాసోనిక్‌కు జరిమానా పూర్తిగా మాఫీ అయింది.

ఒక్కో బ్యాటరీ మీద పెరిగేది చిన్న మొత్తమే. ఆ కాస్తకోసం కొట్టువాడితో ఎవరూ తగవు పడరు. కుమ్మక్కు బతికేది సరిగ్గా ఈ ఓర్పు మీదే. దేశమంతా కలిపితే అది కోట్లవుతుంది. అందుకే వినియోగదారు ఒక్కడూ పట్టుకోలేని ఈ మోసాన్ని పట్టుకోవడానికి ఒక జాతీయ సంస్థ ఉండితీరాలి.

కారు నుంచి ఫోన్ దాకా

2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కమిషన్ 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకకుండా చేశాయన్నది అభియోగం. విజయవాడ ఆటోనగర్‌లో పనితనం ఉన్న మెకానిక్‌లకు కొదవ లేదు. చేతిలో అసలు విడిభాగమే లేకపోతే ఆ పనితనం ఏం చేసుకోవాలి? కారు యజమానికి కంపెనీ సర్వీస్ సెంటర్ తప్ప గతి లేకుండా పోతుంది, అక్కడ చెప్పిందే రేటు.

2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా పడింది. ఆండ్రాయిడ్ ఫోన్ల మీద తనకున్న పట్టును గూగుల్ దుర్వినియోగం చేసిందని కమిషన్ తేల్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ నెలలోనే గూగుల్ దిగొచ్చింది. భారత్‌లో ఫోన్ తయారీదారులు గూగుల్ యాప్‌లను విడివిడిగా తీసుకోవచ్చని, కొనేవాళ్లు తమకు నచ్చిన సెర్చ్ ఇంజిన్ ఎంచుకోవచ్చని ప్రకటించింది. ఆ తర్వాత అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది, కొన్ని ఆదేశాలను మాత్రం కొట్టేసింది. జరిమానా కంటే వ్యాపార పద్ధతి మారడమే కొనేవాడికి అసలు లాభం.

ఉత్తర్వు తర్వాత

ఇంతవరకు చెప్పుకున్నది విజయాలు. ఇక నొప్పి కలిగించే సంగతి. కడప, నంద్యాల, పల్నాడు, సూర్యాపేట జిల్లాల సున్నపురాయి మీద ఎన్నో సిమెంట్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఆ రాయి పక్కనే ఊళ్లున్నవాళ్లం మనం. సిమెంట్ కంపెనీలు కుమ్మక్కై ధర పెంచాయని బిల్డర్ల సంఘం ఫిర్యాదు చేస్తే, 2012 జూన్‌లో 11 కంపెనీలకు కలిపి 6 వేల కోట్లకు పైగా జరిమానా పడింది. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును రద్దుచేసి మళ్లీ విచారించమంది. 2016లో కమిషన్ మళ్లీ జరిమానా వేసింది. 2018 జులైలో ట్రిబ్యునల్ సమర్థించింది. వ్యవహారం అక్కడితో ఆగక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011లో ఇల్లు కట్టుకున్న మనిషి ఆ ఇంటికి రెండోసారి సున్నం కొట్టించుకునే రోజులొచ్చినా అప్పీళ్లు సాగుతూనే ఉన్నాయి.

బిళ్లల కేసు మాట? మూడు కంపెనీల మీద వేసిన దాదాపు 318 కోట్లు అప్పీలులో సుమారు 10 కోట్లకు పడిపోయింది. కంపెనీ మొత్తం టర్నోవర్ మీద కాదు, ఆ సరుకు టర్నోవర్ మీదే లెక్కించాలని ట్రిబ్యునల్ అంది. సుప్రీంకోర్టు కూడా అదే సరైందంది. ఆ లోటునూ పూడుస్తూ 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గరిష్ఠ జరిమానాకు ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను ప్రాతిపదికగా తీసుకోవచ్చు. అప్పీలుకు వెళ్లాలంటే జరిమానాలో నాలుగోవంతు ముందు జమ చేయాలి. మంచి మార్పులే. అయితే అదే కాలంలో, 2022 అక్టోబరు నుంచి నెలల తరబడి కమిషన్‌కు పూర్తిస్థాయి చైర్‌పర్సన్ లేరు, కోరం కూడా లేదు. కాపలాదారు కుర్చీ ఖాళీగా ఉంచి చట్టానికి ఎంత పదును పెట్టినా ఏం లాభం?

ఇంకొకటి. వసూలైన జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, మోసపోయినవాళ్లకు కాదు. నష్టపరిహారం కోసం అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి చట్టంలో ఉన్నా, సామాన్యుడు ఢిల్లీ దాకా వెళ్లి ఆ దారి పట్టడం కలలో మాటే.

మనం చేయగలిగింది

కొన్న సరుకు పాడైతే, సేవలో లోపముంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఊళ్లోని వ్యాపారులంతా ఒకే రోజు ఒకే రేటు పెంచారని, టెండర్లలో రింగు కట్టారని, సంఘం అనుమతి లేనిదే కొత్త మందుల దుకాణానికి సరుకు ఇవ్వడంలేదని తెలిస్తే కాంపిటీషన్ కమిషన్‌కు రాయాలి. నేరుగా నష్టపోయినవాళ్లే రాయాలని లేదు, ఎవరైనా రాయవచ్చు. పేరు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. మూడేళ్లలోపు రాయాలన్న గడువు మాత్రం మరవకూడదు. పంచాయతీ నుంచి సచివాలయం దాకా టెండర్లు పిలిచే అధికారులకు ఈ బాధ్యత మరింత ఎక్కువ. మూడు చోట్ల నుంచి ఒకే అంకె వస్తే సంతకం పెట్టి ఊరుకోకూడదు, ఆహార సంస్థలా కాగితం కదపాలి.

ప్రభుత్వం చేయాల్సినవీ స్పష్టమే. కమిషన్‌లో ఒక్క కుర్చీ కూడా ఖాళీ ఉండకూడదు. అప్పీళ్లకు గడువు పెట్టాలి. జరిమానాలో కొంత భాగం నష్టపోయినవాళ్లకు చేరే ఏర్పాటు చేయాలి. వాటికోసం అడగాల్సింది కొనేవాళ్లమైన మనమే. అడగనంతకాలం ధర వాళ్లు నిర్ణయిస్తారు, డబ్బు మనం కడతాం.