చేబదులు

తెలుగులో ‘బదులు’ అన్న మాట చేసే చాకిరీ తక్కువ కాదు. అడిగినదానికి చెప్పే జవాబు బదులు. ఒకరి స్థానంలో మరొకరు నిలిస్తే అదీ బదులే. ఇంట్లో లేనప్పుడు పొరుగింటినుండి తెచ్చుకొని, ఉన్ననాడు తిరిగి ఇచ్చేదీ బదులే. ఈ మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరినదే గాని, దాని మూడవ అర్థానికి మన ఇల్లాండ్రు పోసినంత ప్రాణం ఇంకెవరూ పోసి ఉండరని నాకు తోస్తుంది. వారు దానికి ముందు ‘చే’ అన్న ఒక్క అక్షరం చేర్చారు. చేబదులు అన్నాక పత్రం లేదు, సాక్షి లేడు, వడ్డీ లేదు. ఒక చేయి ఇస్తుంది, ఒక చేయి పుచ్చుకొంటుంది.

పల్లెల్లో దీనికి పక్కనే మరొక పద్ధతి ఉండేది. దాని పేరు నాగు. విత్తనాలకో తిండికో పెద్ద ఆసామి దగ్గర ధాన్యం తెచ్చుకొన్నవాడు పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. నాలుగైదు నెలలకే సగానికి సగం వడ్డీ అన్నమాట. ఇదీ ధాన్యమే, అదీ ధాన్యమే. కాని నాగు తెచ్చుకొన్న ఇల్లు ఏటికేడు కొంత కుంగిపోయేది. చేబదులు తెచ్చుకొన్న ఇల్లు నిలదొక్కుకొనేది. కష్టకాలంలో మన కుటుంబాలు ఎట్లా గట్టెక్కాయని అడిగేవారు ముందు ఈ తేడాను గమనించాలి.

చేబదులు ఇవ్వాలంటే ఇచ్చే ఇంట్లో ఏదో కొంత మిగిలి ఉండాలి గదా! శ్రీమంతుల మాట అటుంచండి. చిన్న రైతులూ, బడిపంతుళ్లూ, నేతగాళ్లూ కాపురముండే వీధిలో ఆ మిగులు ఎక్కడిది? అది వంటింట్లో పుట్టేది. ఎసట్లో పోయటానికి బియ్యం కొలిచిన తరువాత అందులోనుంచి పిడికెడు వెనుకకు తీసి వేరే కుండలో వేయటం ఎన్నో ఇళ్లలో ఆనవాయితీ. ఆ పిడికెడు తగ్గినందువల్ల ఆ పూట ఎవరి కడుపూ మాడలేదు. రెండు పూటలా తీస్తే నెలకు అరవై పిడికిళ్లు. నలుగురైదుగురు ఉన్న సంసారానికి అది ఒకటి రెండు రోజుల తిండి. నెలాఖరున ఒక రోజు గడవటమంటే ఏమిటో నెల జీతం మీద బ్రతికేవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ కుండ ఒక్కటే కాదు. వంటిల్లంతా అదే లెక్కమీద నడిచేది. అన్నం వార్చిన గంజీ, మిగిలిన మెతుకులూ కుండలో పులిస్తే తరవాణి. అందులో తేలిన చద్దన్నం, ఇంత ఉప్పు, ఒక ఊరగాయ ముక్క పొద్దున్నే పొలానికీ బడికీ పోయేవారి ఫలహారం. బియ్యం కడిగిన నీళ్లు గొడ్ల కుడితిలోకి పోయేవి. బీరకాయ కూరలోకి పోతే దాని చెక్కు పచ్చడిలోకి వచ్చేది. గెల కోసిన అరటి చెట్టును పారేయక దవ్వను కూర వండేవారు. కాయలు చవకగా దొరికే రోజుల్లో మామిడి ముక్కలూ గోరుచిక్కుళ్లూ ఎండబెట్టి ఒరుగులు చేసి కుండల్లో దాచేవారు. చిరిగిన చీరలు నాలుగు పొరలుగా కుట్టితే చలికాలానికి బొంత. అన్న చొక్కా తమ్ముడికి. అన్న పుస్తకం తమ్ముడికే గాక, ఆ తరువాత పక్కింటి పిల్లవాడికి కూడా.

ఇదంతా ఎప్పుడు అక్కరకు వచ్చేదో కూడా చెప్పుకోవాలి. వరి పండే సీమలో కొత్త ధాన్యం మార్గశిర పుష్యమాసాల్లో ఇంటికి వస్తుంది. గాదె ఆషాఢం నాటికి అడుగంటుతుంది. అప్పుడే నాట్లు, అప్పుడే పిల్లల బడి, అప్పుడే వానలతో పాటు జ్వరాలు. చేతిలోనుంచి పోయేదే గాని వచ్చేది లేని నెలలు అవి. ఎండాకాలపు ఒరుగులు ఈ వానాకాలం కోసమే. పిడికెడు బియ్యపు కుండలో చేయి పడేదీ ఈ రోజుల్లోనే. ‘ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి’ అని ఒక సామెత ఉన్నది. దూబరాతనాన్ని వెక్కిరించటానికి పుట్టిన మాట అది. ఉగాదినాడే శివరాత్రిని తలచుకొన్న ఇల్లాలి మీద మాత్రం మనవాళ్లు సామెత కట్టినట్లు లేదు. రోజూ కనబడేదాని మీద సామెత ఎందుకనుకొన్నారు కాబోలు!

ఇక అడగటంలోనూ ఇవ్వటంలోనూ ఉన్న మర్యాద వేరే ఒక శాస్త్రం. పెద్దవాళ్లు స్వయంగా పోరు. పిల్లవాడి చేతికి గిన్నె ఇచ్చి పంపుతారు. ‘పిన్నిగారూ, అమ్మ సోలెడు బియ్యం బదులిమ్మంది’ అని వాడు గడపలో నిలబడి చెబుతాడు. ఎందుకు, ఏమిటి అని ఆమె అడగదు. తెచ్చుకొన్న నాడు సోల అంచుకు సమంగా ఉంటే, తిరిగి ఇచ్చేనాడు పైన కాస్త గుప్ప ఉంటుంది. అది వడ్డీ కాదు, మర్యాద. గిన్నె వట్టిగా ఇవ్వకూడదు గనుక రెండు కరివేపాకు రెబ్బలో చిన్న బెల్లం ముక్కో అందులో పడేవి. అన్నిటికన్న గొప్ప విషయం మరొకటి. బియ్యం ఇచ్చిన ఆమె నాలుగు రోజులు పోయాక తనకు అవసరం ఉన్నా లేకపోయినా ఆ ఇంటికే మజ్జిగ తోడు కోసమో గుప్పెడు చింతచిగురు కోసమో కబురు పంపేది. ఎప్పుడూ ఒకే వైపునుండి గిన్నె వస్తూ ఉంటే అది ముష్టి అవుతుందని ఆమెకు తెలుసు. అటునుండి కూడా ఏదో ఒకటి అడిగి తెచ్చుకొంటే ఇద్దరూ ఇరుగుపొరుగువారుగానే మిగులుతారు. దీపాలు పెట్టిన తరువాత ఉప్పూ డబ్బూ చేతికివ్వరాదన్న నమ్మకాన్ని మనం మూఢమంటాము. ఇంట్లో నిజంగా లేని రోజున, లేదని చెప్పలేని గృహిణికి అది ఎంత చక్కని మరుగో ఆలోచించామా?

అన్నదానం గొప్పది. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు జీవితమంతా, వచ్చినవారికి వేళాపాళా చూడక అన్నం పెట్టారు. 1909లో ఆమె గతించినా, 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టుకొన్నాము. అది సమంజసమే. కాని అన్నదానంలో పెట్టే చేయి పైన ఉంటుంది, పట్టే చేయి క్రింద ఉంటుంది. చేబదులులో రెండు చేతులూ ఒకే ఎత్తున ఉంటాయి. వీధికొక సీతమ్మగారు దొరకరు గనుక, సామాన్యుల ఊళ్లు చాలావరకు ఈ రెండవ పద్ధతి మీదనే బ్రతికాయి.

అయితే దీని శక్తికి హద్దు ఉన్నది. వీధిలో ఒక గాదె వట్టిపోతే పక్క గాదె ఆదుకొంటుంది. అన్నీ ఒక్కసారి వట్టిపోతే? మన పూర్వులు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టి గుర్తు పెట్టుకొన్నారు. 1832-33 నాటిది నందన కరువు, 1876-77 నాటిది ధాత కరువు. నందన కరువులో గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షల్లో 2 లక్షలమంది దాకా మరణించారంటారు. ఆ జనమంతా పొదుపు తెలియనివారా? ఇరుగుపొరుగు లేనివారా? కానే కాదు. వాన లేని చోట పిడికెడు బియ్యపు కుండ ఏమి చేయగలదు! దానికి కావలసింది గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట వంటిది. ప్రభుత్వం చేయవలసిన పనిని ఇల్లాలి పొదుపు మీదికి నెట్టి, పొదుపు మహిమను ఉపన్యసించేవారంటే నాకు గౌరవం లేదు.

రెండవ హద్దు మనం మనస్సులో గీసుకొన్నది. ఈనాడు తరగతిలో ‘వారాలు’ అంటే విద్యార్థులు వారపత్రికలనుకొంటారు. పేద పిల్లవాడు పట్నంలో చదువుకోవటానికి సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం కుదుర్చుకోవటమే వారాలు చేసుకోవటం. ఏడిళ్లవారు తలా ఒక రోజు పెడితే ఎవరికీ బరువు కాదు, పిల్లవాడికి ఏడాది చదువు సాగుతుంది. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశంగారికి పదకొండవ యేట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు నడిపారు. ఆ రాబడి చాలక ఆయన వారాలకు కుదిరారు. పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు లేక, బావగారేమైనా సర్దుతారేమోనని మైళ్లకు మైళ్లు నడిచిపోయారు. అక్కడా లేకపోయింది. చివరకు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయులు ఆయనను చేరదీసి చదువు ముందుకు నడిపించారు. ఆ పిల్లవాడే 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినాడు. ఒక వితంతువు పొయ్యి, వారాలు పెట్టిన ఇళ్లు, ఒక పంతులుగారి మనస్సు కలిసి చేసిన పని అది.

ఈ కథ చెప్పి ఊరుకొంటే సగమే చెప్పినట్లు. వారాల పళ్లెం అందరి పిల్లలకూ పరచలేదు. కులం చూసి పెట్టిన విస్తరి అది. మాలపల్లెనుండీ మాదిగపల్లెనుండీ చదువుకు వచ్చిన పిల్లవాడికి ఊళ్లో ఏ గడపా సోమవారం కాలేదు, మంగళవారం కాలేదు. వాడి తల్లికీ పిడికెడు తీసి దాచటం తెలుసు. కాని కూలికి వచ్చిన గింజల్లో తీయటానికి పిడికెడు మిగలాలి. సాంఘిక సంక్షేమ వసతిగృహాలు వచ్చిన తరువాతనే అటువంటి ఎందరో పిల్లలకు ఏడు వారాలూ ఒకే చోట దొరికాయి. వసతిగృహంలో పప్పు పలచనయిందని నవ్వేవారు ఈ మాట మరువకూడదు.

ఇంటి లోపల కూడా ఒక హద్దు ఉన్నది. పొదుపు అని మనం మెచ్చుకొన్నదానిలో ఎంత భాగం ఇల్లాలి విస్తరిలోనుంచి తీసినదో ఎవరూ లెక్క కట్టలేదు. మగవారూ పిల్లలూ తిన్న తరువాత కుండలో మిగిలిందే ఆమె భోజనం. పొదుపు చేసే బాధ్యత ఆమెది, ఖర్చు చేసే పెత్తనం ఆయనది! ఈ అన్యాయం మీద మన తెలుగునేలలో జరిగిన పెద్ద తిరుగుబాటు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలయింది. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవారు, తమ కూలి డబ్బు ఏ సారా దుకాణంలోకి పోతున్నదో చదువుకొన్నారు, మాట్లాడుకొన్నారు. రోశమ్మగారి వంటివారు ముందు నిలిచారు. 1992లో ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయిందన్నది వేరే కథ. ఆ జిల్లాలోనే ఆడవారు రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టి ‘పొదుపులక్ష్మి’ అని పేరు పెట్టుకొన్నారు. వంటింటి పిడికెడు బియ్యమే రూపాయి బిళ్ల రూపంలో వీధిలోకి వచ్చింది. ఈసారి దాని మీద పెత్తనమూ ఆమెదే.

అటువంటి సంఘాలు నిలిచిన చోట ప్రసూతికీ, పిల్లల ఫీజుకూ, గేదె కొనటానికీ వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన అగత్యం తగ్గింది. అది చూసి బయటి డబ్బు వచ్చి వాలింది. సూక్ష్మరుణ సంస్థలు గుంపుగా అప్పులిచ్చి, ఒకరు కట్టకపోతే మిగిలినవారే కట్టాలన్నాయి. వినటానికి అదీ పరస్పర సహాయమే. ఆచరణలో మాత్రం, వాయిదా రోజున తన వాకిట్లో పొరుగింటామె వచ్చి కూర్చుంటే, బదులు గిన్నె పట్టుకొని తిరిగిన గడపలే వసూలు గడపలయ్యాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర శాసనం తెచ్చి వాటిని కట్టడి చేయవలసి వచ్చింది. సోలెడు బియ్యంతో నలిగినా తెగని స్నేహాలు, ఎవరో దూరాన లెక్క కట్టిన వాయిదాలకు తెగిపోయాయి. నాగు మళ్లీ వచ్చింది. ఈసారి చేబదులు వేషం వేసుకొని వచ్చింది.

మన వృత్తిలోనివారికి పరీక్ష 2020లో వచ్చింది. బడులు మూతపడగానే వేలాదిమంది ప్రైవేటు ఉపాధ్యాయులకు జీతాలు ఆగిపోయాయి. నిన్నటిదాకా సంధులూ సమాసాలూ చెప్పినవారు కూరగాయల బండి దగ్గరా, ఉపాధి హామీ పనుల్లోనూ కనిపించారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అటువంటివారికి నెలకు 2,000 రూపాయలూ 25 కిలోల బియ్యమూ ప్రకటించింది. ఆ బియ్యం చేతికి వచ్చేదాకా గడచిన సంవత్సరం మాటేమిటి? దాని లెక్క ఏ దస్త్రంలోనూ లేదు. కొంత వీధి చివరి కిరాణా కొట్టు ఖాతాలో ఉన్నది. కొంత, జీతం వస్తున్న ప్రభుత్వ ఉపాధ్యాయుడు రాని మిత్రుడికి పంపిన డబ్బులో ఉన్నది. ఊరినుండి అత్తగారు బస్సుమీద వేసి పంపిన బియ్యం బస్తాలో కొంత ఉన్నది. బడులు తెరిచాక వారిలో కొందరు మళ్లీ తరగతికి వచ్చారు. కొందరు రానే లేదు. వచ్చినవారు మొదటి నెల జీతంలో ముందుగా తీర్చింది ఆ కిరాణా ఖాతానే అని విన్నాను.