గుర్రం ఎందుకు కుంటుతోంది?

ఆర్కే బీచ్‌లో గుర్రమెక్కి ఫొటో దిగని వైజాగ్ స్టూడెంట్లు తక్కువే. బీటెక్ అయ్యాక ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో తగరపువలసలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేవాణ్ని. ఇంటర్వ్యూ అయిపోయాక అటునుంచి అటే బీచ్‌కి. ఓ సాయంత్రం అక్కడో గుర్రం అడుగడుక్కీ తల ఊపుతూ నడుస్తోంది. మంచి హుషారు మీద ఉందనుకున్నా.

‘హుషారు కాదు బాబూ, ముందుకాలు నరం పోయింది. పోయినేడు వాచింది, తగ్గింది. మళ్లీ వచ్చింది’ అన్నాడు దాన్ని నడిపిస్తున్నాయన. డాక్టరు నెలల తరబడి విశ్రాంతి ఇవ్వమన్నారట. ‘దానికి సెలవిస్తే మా ఇంట్లో పొయ్యెలా వెలుగుతాది?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఇందులో మనలాంటి వాళ్లకు ఎంత పనుందో తెలిసింది.

అసలు అక్కడ ఏం తెగుతుంది?

ఆయన నరం అన్నది నిజానికి టెండాన్. కండరాన్ని ఎముకకు కట్టే తాడు అది. ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్. స్కూల్లో స్నాయుబంధనం, సంధిబంధనం అని చదువుకున్నాం, గుర్తుందా? గుర్రం ముందుకాల్లో మోకాలిలా కనిపించేది మన మణికట్టుకు సమానం. దాని కింద కండరాలు ఉండవు. భారమంతా ఈ తాళ్లదే. గుర్రం దౌడు తీసేటప్పుడు ఒక్కో ముందుకాలిపై దాని బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. కాలి వెనక టెండాన్ 16 శాతం దాకా సాగుతుంది. లోపలి వేడి 45 డిగ్రీల వరకు చేరుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. అంటే అది రోజూ తెగిపోయే అంచుకు దగ్గరగా పనిచేస్తోందన్నమాట.

దెబ్బతిన్న చోట పుట్టే కొత్త కణజాలం పాతదానిలా సాగదు. గట్టి మచ్చలా తయారవుతుంది. వాపు తగ్గింది కదా అని పరుగెత్తిస్తే అక్కడో, దాని పక్కనో మళ్లీ తెగుతుంది. ఇది దీర్ఘకాలిక సమస్యగా మారేది ఇలాగే.

వాతల నుంచి మూలకణాల దాకా

పూర్వం కాల్చిన ఇనుముతో కాలిపై వాతలు పెట్టేవారు. మన పల్లెల్లో ఎద్దులకూ పెట్టేవారు కదా! బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 1983లో దీన్ని పరీక్షించి, వాతలతో టెండాన్ మెరుగ్గా మానదని తేల్చారు.

ఇప్పుడు మొదటి పని అల్ట్రాసౌండ్. టెండాన్ మధ్యలో నల్లటి రంధ్రంలా కనిపిస్తే పోగులు తెగినట్టే. తొలి రోజుల్లో చల్లటి నీళ్లు, కట్టు, వాపు తగ్గే మందులు, విశ్రాంతి. ఆ తర్వాతే అసలు చికిత్స: కొలిచి చేయించే నడక. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతారు. రెండు మూడు నెలలకోసారి స్కాన్ చూసి తర్వాతి మెట్టు నిర్ణయిస్తారు. మొత్తం తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది.

గుర్రం రక్తం నుంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి గాయంలోకి ఎక్కించే పీఆర్‌పీ, ఎముక మజ్జ నుంచి తీసి పెంచిన మూలకణాలు, లిగమెంట్లకు షాక్‌వేవ్.. ఇవన్నీ వాడుకలో ఉన్నాయి. మూలకణాల పద్ధతికి లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ దారి చూపింది. ఏది వాడినా కొలిచిన నడకకు ప్రత్యామ్నాయం లేదు. నొప్పి మాత్ర వేసి సవారీకి తోలడం మాత్రం అన్నిటికంటే చేటు. నొప్పి తెలియదు, తాడు తెగుతూనే ఉంటుంది.

కోడింగ్ వచ్చినవాళ్లకు పనేంటి?

నేను హుషారనుకున్న ఆ తల ఊపుకు లెక్క ఉంది. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది. బాగున్న కాలు పడినప్పుడు దించుతుంది. కుంటు స్వల్పంగా ఉంటే అనుభవమున్న డాక్టర్ల మధ్య కూడా ఏకాభిప్రాయం కుదరదు. అందుకే అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో తలకు, నడుముకు, కాలికి చిన్న సెన్సర్లు కట్టి ఈ తేడాను కొలిచే పద్ధతిని తీర్చిదిద్దారు. స్వీడన్ కంపెనీ స్లీప్ అయితే ఫోన్ వీడియోతోనే నడకను విశ్లేషిస్తోంది. యాక్సిలరోమీటర్, సిగ్నల్ ప్రాసెసింగ్, కంప్యూటర్ విజన్: ఇవన్నీ మీ సిలబస్‌లో ఉన్నవే. ఫైనలియర్‌లో మళ్లీ అటెండెన్స్ సిస్టమే ఎందుకు? ఓ వెటర్నరీ డాక్టర్‌ని కలుపుకొని ఇది మొదలుపెట్టండి. ఆయన మాట లేకుండా మీ మోడల్ చెప్పింది తప్పో ఒప్పో మీకే తెలియదు.

బైపీసీ వాళ్లకు దారి

తమ్ముడో చెల్లో బైపీసీ చదువుతుంటే ఈ పేజీ చూపించండి. బీవీఎస్సీ నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో కాలేజీలున్నాయి. మనకు దగ్గరిది గరివిడి, విజయనగరం దాటితే వస్తుంది. గుర్రాల వైపు వెళ్లాలంటే ఎంవీఎస్సీలో సర్జరీ, రేడియాలజీ మంచి ఎంపిక. హైదరాబాద్ మలక్‌పేట లాంటి రేస్‌కోర్సులు, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉన్నాయి. సైన్యంలోని రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ బీవీఎస్సీ చదివినవాళ్లను అధికారులుగా తీసుకుంటుంది. బరువులు లాగే గుర్రాలు, గాడిదల కోసం బ్రూక్ ఇండియా లాంటి సంస్థలూ పనిచేస్తున్నాయి.

ఒక్కటి ముందే చెప్పాలి. ఇవి ఏటా వందల్లో నోటిఫికేషన్లు వచ్చే కొలువులు కావు. పోటీ తక్కువ, అవకాశాలూ తక్కువే. ఇష్టం ఉంటేనే దిగండి.

బీచ్‌లో ఆయన అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. ఏడాది సెలవు ఆయన వల్ల కాదు. కానీ వాపు రాకముందే, నడకలో తేడా మొదలైన వారమే ఆయన ఫోన్ ఆ సంగతి చెప్పగలిగితే? కొద్ది రోజుల విశ్రాంతితోనే సరిపోవచ్చు. కొద్ది రోజులైతే ఆయనా ఇవ్వగలడు.