మరచిపొమ్మంటే మానని గాయములు

మన ఇండ్లలో ఎవరైనా పాత బాధను గురించి నోరు విప్పితే వినిపించే సలహా ఒక్కటే: "జరిగినదేదో జరిగిపోయింది, ఇక మరచిపో." చెప్పేవారు ప్రేమతోనే చెబుతారు. వినేవారికి మాత్రము మొగము మీద తలుపు వేసినట్లుంటుంది. ఎందుకంటే మరచిపోవాలని వారు ఏండ్ల తరబడి ప్రయత్నిస్తూనే ఉన్నారు. ప్రియ పాఠకులారా, అటువంటి గాయములకు నేడు లభిస్తున్న ఒక చికిత్సను గురించి ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాము. దానిని ఇ.ఎమ్.డి.ఆర్. అంటారు. కంటి కదలికల సహాయముతో బాధాకరమైన జ్ఞాపకము యొక్క వాడిని తగ్గించి, మనస్సు దానిని తిరిగి సర్దుకునేటట్లు చేసే పద్ధతి ఇది.

రెండు విధములైన గాయములు

బస్సు ప్రమాదము, తుఫాను, భూకంపము వంటివి ఒక్కసారి వచ్చి పోతాయి. అవి మిగిల్చే భయము తక్కువది కాదు. అయితే అంతకంటె చిక్కుపడిన గాయము మరొకటి ఉన్నది. కాపాడవలసినవారే రోజూ కొట్టడము, బాల్యములో లైంగిక హింస, ఏండ్ల తరబడి సాగే గృహహింస వంటివి పదే పదే తగిలి మనిషి స్వభావములోనే కలిసిపోతాయి. అమెరికాకు చెందిన మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ఈ తేడాను స్పష్టముగా వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకముగా చోటు దొరికింది.

ఒక స్త్రీని ఊహించుకుందాము. ఆమె చిన్నతనములో తండ్రి ప్రతి రాత్రి త్రాగి వచ్చి తల్లిని, పిల్లలను కొట్టేవాడు. తలుపు గడియ చప్పుడు కాగానే పిల్లలు మంచము క్రింద దూరేవారు. ఇప్పుడామెకు 35 ఏండ్లు. భర్త నెమ్మదిగలవాడు. అయినా రాత్రివేళ గడియ చప్పుడైతే ఆమె గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. ఎవరైనా గొంతు పెంచితే మాట పడిపోతుంది. అన్నిటికంటె లోతుగా ఒక తలంపు పాతుకొని ఉన్నది: "తప్పు నాదే. నేను దేనికీ పనికిరాను." ఇటువంటివారిని చూచి "గాలి సోకింది" అనేవారున్నారు, "విశ్వాసము చాలదు" అనేవారున్నారు. రెండూ గాయము మీద కారము చల్లే మాటలే.

ఈ చికిత్స ఎట్లు పుట్టింది?

1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పార్కులో నడుస్తూ, తన కన్నులు అటూ ఇటూ వేగముగా కదిలినప్పుడు తనను బాధిస్తున్న ఆలోచనల తీవ్రత తగ్గడము గమనించారు. ఆ తరువాత 22 మందితో పరిశీలన జరిపి 1989లో ఫలితములు ప్రచురించారు. 2019లో ఆమె మరణించేనాటికి ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో, తీవ్రమైన ఆఘాతము తరువాత బాధపడేవారి కొరకు సూచించిన మానసిక చికిత్సలలో దీనిని కూడా చేర్చింది.

"ఇది వశీకరణమా? మంత్రమా?" అని విశ్వాసులలో కొందరు సంశయపడవచ్చును. కాదు. రోగికి పూర్తి స్పృహ ఉంటుంది. తన పేరు, తానున్న గది, ఎదుట కూర్చున్నవారు అన్నీ తెలుస్తూనే ఉంటాయి. చెయ్యి ఎత్తి ఎప్పుడైనా ఆపమనవచ్చును. జరిగినదంతా వివరముగా నోటితో చెప్పవలసిన అవసరము కూడా లేదు. సిగ్గుతో నోరు మెదపలేనివారికి ఇది ఎంత మేలో ఆలోచించండి!

ఎనిమిది మెట్లు

ఈ చికిత్సలో ఎనిమిది మెట్లున్నాయి. మొదటి మెట్టులో చికిత్సకుడు రోగి జీవిత చరిత్రను తెలుసుకుంటాడు. రెండవది సిద్ధపాటు. మూడవ మెట్టులో ఒక్క జ్ఞాపకమును ఎన్నుకుంటారు. దానిలో మిక్కిలి బాధించే దృశ్యము ఏది, దానితో ముడిపడిన తలంపు ఏది, శరీరములో ఎక్కడ బిగువుగా ఉన్నది అని అడుగుతారు. బాధ ఎంత ఉన్నదో 0 నుండి 10 వరకు ఒక అంకె చెప్పమంటారు.

నాల్గవ మెట్టులో రోగి ఆ దృశ్యమును తలంచుకుంటూ, చికిత్సకుని వ్రేళ్లు అటూ ఇటూ కదులుతుంటే తల త్రిప్పకుండా కన్నులతో వెంబడిస్తాడు. అర నిమిషము వరకు అయిన తరువాత ఆపి, "ఇప్పుడు ఏమి తోస్తున్నది?" అని అడుగుతారు. మరల ఆరంభిస్తారు. కంటి జబ్బు ఉన్నవారికి అరచేతుల మీద మార్చి మార్చి తట్టడము గాని, చెవులలో మార్చి మార్చి శబ్దము వినిపించడము గాని చేస్తారు. బాధ అంకె తగ్గిన తరువాత, అయిదవ మెట్టులో "నేను అప్పుడు చిన్నదానిని, తప్పు నాది కాదు" వంటి మంచి తలంపును బలపరుస్తారు. ఆరవదానిలో శరీరములో ఇంకా బిగువు మిగిలినదేమో చూస్తారు. ఏడవది రోగిని నెమ్మదిపరచి ఇంటికి పంపడము. ఎనిమిదవది మరుసటి సారి వచ్చినప్పుడు తిరిగి పరిశీలించడము. ఒక్కొక్క కూర్చోవడము సాధారణముగా 60 నుండి 90 నిమిషములు ఉంటుంది.

కన్నులు కదిలితే మనస్సు ఎందుకు తేలికపడుతుంది? పరిశోధకులు చెప్పే వివరణలలో ఒకటి ఇది. ధాన్యము కొలుస్తూ లెక్కపెట్టేవానిని పలుకరిస్తే లెక్క తప్పుతుంది గదా! మనస్సు ఒకే సమయములో రెండు పనులను పూర్తి బలముతో చేయలేదు. జ్ఞాపకమును తలంచుకుంటూ కన్నులతో వ్రేళ్లను వెంబడించేటప్పుడు ఆ దృశ్యము కొంత వెలిసిపోతుంది. అట్లు వెలిసిన రూపములోనే అది తిరిగి భద్రమవుతుంది. అసలు మేలు చేసేది భయపడే జ్ఞాపకమును ఎదుర్కోవడమే గాని కంటి కదలిక కాదు అనే పరిశోధకులు కూడా ఉన్నారు. ఆ వాదము ఇంకా ముగియలేదు.

లోతైన గాయమునకు మెల్లని నడక

పైన మనము ఊహించుకున్న స్త్రీ వంటివారి విషయములో అనుభవజ్ఞులైన చికిత్సకులు నేరుగా నాల్గవ మెట్టుకు పోరు. సిద్ధపాటుకే అనేక వారములు పట్టవచ్చును. మొదట ఆమెకు నెమ్మదినిచ్చే ఒక స్థలమును మనస్సులో చిత్రించుకోవడము నేర్పుతారు. బాధాకరమైన తలంపులను ఒక పెట్టెలో పెట్టి, తరువాత తీసేటట్లు మూత వేసినట్లుగా ఊహించుకోవడము నేర్పుతారు. తనను ప్రేమించిన అమ్మమ్మనో, ధైర్యము చెప్పిన ఉపాధ్యాయురాలినో గుర్తుచేసి, ఆ బలమును కూడా కంటి కదలికలతోనే స్థిరపరుస్తారు.

కొందరు బాధ ఎక్కువైనప్పుడు తామెక్కడున్నారో మరచి శూన్యములోనికి చూస్తుండిపోతారు. అటువంటివారిని కొన్ని సెకండ్లు మాత్రమే జ్ఞాపకము దగ్గరకు తీసుకువెళ్లి వెంటనే వెనుకకు తెస్తారు. గదిలోని వస్తువుల పేర్లు చెప్పమంటారు, ఒక చిన్న దిండును విసిరి పట్టుకోమంటారు. "ఇది ఇప్పుడు, అది అప్పుడు" అని శరీరము గ్రహించాలి. చన్నీళ్లలో దిగేవారు ముందు కాలు తడుపుకున్నట్లే ఇదీ.

నడుమ ఆమె "తప్పు నాదే" అన్న చోటనే ఆగిపోతే, చికిత్సకుడు ఉపన్యాసము చెప్పడు. ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఆరేండ్ల మీ అమ్మాయికి ఇదే జరిగితే, తప్పు ఆమెదని అంటారా?" ఎన్నో ఏండ్లుగా బిగిసిన ముడి అక్కడ వదలవచ్చును. ఆ తరువాత గతము, నేటి భయములు, రేపు ఎదురుపడే సందర్భములు ఈ మూడింటినీ వరుసగా తీసుకుంటారు.

ఈ సిద్ధపాటు ఎంతకాలము ఉండాలన్న విషయములో నిపుణులందరిదీ ఒకే మాట కాదు. దీర్ఘమైన సిద్ధపాటు అందరికీ అవసరమా, దాని వలన అసలు చికిత్స ఆలస్యము కాదా అని 2016లో కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. అందుచేత రోగిని బట్టి నడక నిర్ణయించగల నేర్పరి కావాలి.

పిల్లల కొరకు పుట్టిన ఒక పద్ధతిని కూడా చెప్పవలెను. 1997లో మెక్సికో దేశములోని అకపుల్కో నగరమును పౌలీన్ తుఫాను ముంచివేసింది. అక్కడి బాధితులతో పని చేస్తూ లూసీనా అర్తిగాస్ అనే చికిత్సకురాలు, పిల్లలు చేతులు రొమ్ముపై అడ్డముగా పెట్టుకొని సీతాకోకచిలుక రెక్కలవలె మార్చి మార్చి తట్టుకునే పద్ధతిని రూపొందించారు. మన దేశములో 2001 గుజరాత్ భూకంపము తరువాత మానసిక వైద్య నిపుణులు ఈ చికిత్సలో శిక్షణ పొందారు.

కుటుంబములకు మా మనవి

ఇండ్లు దర్శించే కాపరులము గనుక ఇటువంటి మాటలు తరచుగా మొదట మా చెవిని పడతాయి. అందుచేత నాలుగు సంగతులు సూటిగా చెబుతున్నాము.

మొదటిది, దీనిని ఇంటిలో ప్రయత్నించవద్దు. వ్రేళ్లు ఆడించడము ఎవరికైనా వస్తుంది. తెరచిన గాయమును మూయడము అందరికీ రాదు. కాపరులమైన మేము కూడా దీనికి చెయ్యి పెట్టకూడదు. గుర్తింపు పొందిన క్లినికల్ సైకాలజిస్టును గాని మానసిక వైద్యుని గాని కలిసి, "ఈ చికిత్సలో మీరు శిక్షణ పొందారా?" అని అడగండి. అట్లు అడగడము అమర్యాద కాదు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

రెండవది, హింస ఇంకా జరుగుతుంటే ముందు భద్రత, తరువాతనే చికిత్స. ఇల్లు మండుతుండగా కాలిన చేతికి మందు రాస్తూ కూర్చోము గదా! బాధలో ఉన్న స్త్రీల కొరకు 181, పిల్లల కొరకు 1098 ఉన్నాయి. బిడ్డపై లైంగిక హింస జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసినదేనని 2012 నాటి పోక్సో చట్టము చెబుతున్నది. ఇంటి పరువు, సంఘము పరువు అని దాచడము నేరమునకు గొడుగు పట్టడమే.

మూడవది, "సాక్ష్యము చెప్పు" అని గాయపడినవారిని పదిమందిలో నిలువబెట్టవద్దు. "ఈ రోజే క్షమించు" అని తొందరపెట్టవద్దు. క్షమాపణ బలవంతముగా పిండేది కాదు. కొట్టినవానితో రాజీ కుదర్చడము కూడా స్వస్థత కాదు. ప్రార్థన చేయండి. కాని ప్రార్థనను వైద్యుని దగ్గరకు పోకుండా ఆపే అడ్డుకట్టగా చేయవద్దు. విరిగిన కాలికి కట్టు కట్టించుకుంటూనే ప్రార్థిస్తున్నాము గదా.

నాల్గవది, చికిత్స జరిగే రోజులలో ఓపిక పట్టండి. కూర్చొని వచ్చిన తరువాత రెండు మూడు రోజులు కలలు, కన్నీళ్లు, అలసట ఎక్కువ కావచ్చును. "ఏమి జరిగింది, ఏమి చెప్పావు?" అని గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆ పూట వంటపని మీరు అందుకోండి, పిల్లలను మీరు పడుకోబెట్టండి. చనిపోవాలన్న మాట నోట వస్తే మాత్రము ఒంటరిగా విడువక వెంటనే వైద్యునికి తెలియజేయండి.

ఈ చికిత్స జ్ఞాపకమును తుడిచివేయదు. జరిగినది జరిగినట్లే తెలుస్తుంది గాని అది పాత సంగతిగా మారుతుంది. మీ ఇంటిలోనో మీ ప్రక్క వీధిలోనో ఇటువంటి భారము మోస్తున్నవారు మీకు తెలిసే ఉంటారు. వారికి "మరచిపో" అని చెప్పవద్దు. "నీవు చెప్పేది నమ్ముతున్నాను. వైద్యుని దగ్గరకు నేను కూడా వస్తాను" అని చెప్పండి. ఆ మాట అన్న తరువాత తప్పక వెంట వెళ్లండి.